తల ఏ పక్కన పెట్టాలి

తలకి దెబ్బ తగిలాక లేచి నిలబడి, మోకాళ్లు దులుపుకుని, "ఏం కాలేదు" అని నవ్విన మనిషి మీలో ఎవరైనా ఉంటే ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. మిగతావాళ్లు చదివితే సంతోషం. చదవకపోతే నాకేం కోపం లేదు. ఈ ఏడాది కోపమంతా ఇప్పటికే అమ్మ మీద, ఫ్యాను మీద, పక్కింటి మిక్సీ మీద ఖర్చయిపోయింది.

నా పేరు నూకరత్నం. మాది పోర్ట్ బ్లెయిర్ అంచున ఉన్న గరాచర్మ. మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి వలా, పెళ్లామూ, ఇద్దరు పిల్లలతో ఓడెక్కి ఇక్కడికొచ్చాడు. నాన్న ఇప్పటికీ డోంగీ పడవ మీద వేటకెళ్తాడు. నేను ఒక బడిలో ఆటల టీచర్ని. మాట్లాడటం పుట్టుకతో వచ్చింది గాని, తెలుగు రాయడం ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అందుకని ఇది రాశాక మా బడి తెలుగు టీచరుగారికి చూపించాను. ఆవిడ ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసి, "విషయం జోలికి మాత్రం వెళ్లలేదమ్మా" అన్నారు. వెళ్లకుండా ఉండటానికి ఎంత ఇబ్బంది పడ్డారో ఆవిడ మొహంలోనే తెలిసింది.

ఎనిమిదేళ్లు కబడ్డీ ఆడాను. దీవుల జట్టుకి ఎడమ కార్నర్ నేనే. కూతకొచ్చిన పిల్ల వెనక్కి తిరగబోయే క్షణంలో కిందికి వాలి చీలమండ పట్టుకోవడం నా పని. పట్టుకున్నానంటే వదిలేదాన్ని కాదు. ఇరవై నాలుగో ఏట నన్ను జట్టులోంచి తీసేశారు. చిన్నపిల్లలొచ్చారు, నాకంటే తేలికగా కదులుతున్నారు, కాదనడానికేం లేదు. మూడు రోజులు అన్నం మానేసి పడుకున్నాను. ఆ నెలలోనే మెయిన్‌లాండ్ నుంచి ఒక కోచ్ సర్ రగ్బీ నేర్పడానికి వచ్చారు. మైదానం గట్టు మీద కూర్చున్న నన్ను పిలిచి, "నాకు కబడ్డీ వాళ్లే కావాలి. పట్టుకోవడం మీకొచ్చు, బంతి పట్టుకుని పరిగెత్తడం నేను నేర్పిస్తాను" అన్నారు. అలా ఆట మారాను. అమ్మ మాత్రం ఆ ఆటని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "కోడిగుడ్డు ఆట" అనేది, బంతి ఆకారం చూసి.

ఆట మారితే జెర్సీ మారుతుంది, మైదానం పెద్దదవుతుంది. ఒళ్లు మాత్రం పాత ఆటే ఆడుతుంది. కబడ్డీలో కూతకొచ్చిన మనిషి మన ముందు నిలబడి ఆడుతుంది కాబట్టి, వాలేటప్పుడు తల ఆమె కాళ్లకి ముందున్నా పెద్ద ప్రమాదం ఉండదు. రగ్బీలో ఎదుటి మనిషి పూర్తి వేగంతో పరిగెత్తుకుంటూ వస్తుంది. మన తల ఆమె తొడకి వెనక ఉండాలి, చెవి తుంటికి ఆనాలి. ముందు పెట్టామా, మోకాలు నేరుగా కణతకొస్తుంది. "సిర్ పీఛే, రత్నా! తల వెనక!" అని సర్ రోజూ అరిచేవారు. ఆయన అరుస్తున్నంతసేపూ వెనకే పెట్టేదాన్ని. అలిసిపోయాక తల తనంతట తానే ముందుకొచ్చేది.

ఇంకో పాత అలవాటు కూడా నాతో వచ్చింది, అది మొదటిదానికంటే చెడ్డది. కబడ్డీలో అవుటైతే గీత బయట కూర్చుంటాం. మన వాళ్లు అవతలి మనిషిని అవుట్ చేస్తే మళ్లీ లేచి లోపలికొస్తాం. ఎనిమిదేళ్లు అలాగే పడ్డాను, కూర్చున్నాను, లేచాను. ఏం తగిలిందని ఎవరూ అడగరు, మనమూ చెప్పం. దెబ్బలన్నీ అంతేననుకున్నాను. కాసేపు కూర్చుంటే మనవంతు వస్తుంది, లేచిపోవడమే.

నవంబరు

ఆ సాయంత్రం చినుకులు పడుతున్నాయి. ప్రాక్టీసు చివర్లో మా జట్టు పిల్లే బంతి పట్టుకుని నా పక్కనుంచి దూసుకెళ్లబోతే వాలాను. మోకాలు ఎడమ కణతకి తగిలింది. పడ్డాను, లేచాను. బంతి అవతలికి పోయింది కాబట్టి అందరి కళ్లూ అటే ఉన్నాయి. మాటలు వినిపిస్తున్నాయి, అర్థం మాత్రం కాస్త ఆలస్యంగా వస్తోంది. గరాచర్మ బస్సెక్కి, మా స్టాపు కంటే ముందే దిగిపోయి, బస్టాపు షెడ్డు వెనక వాంతి చేసుకున్నాను. ఒక కుక్క వచ్చి చూసి పోయింది. ఇంటికెళ్లి ఆకలి లేదన్నాను.

"దార్లో ఏటో తినీసుంటావు," అంది అమ్మ.

"సమోసాలు తిన్నానమ్మా."

నాలుగు రోజులు తల బరువుగా ఉంది. ఐదో రోజుకి తగ్గిపోయింది. అంతే కదా అనుకున్నాను.

జనవరి

మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన జట్టుతో మ్యాచ్. ఈసారి ఎవరి భుజం తగిలిందో కూడా తెలీదు. లేచి వెళ్లి వరసలో నిలబడ్డాను. జుమా పరిగెత్తుకొచ్చి నా జెర్సీ పట్టి లాగింది. "దీదీ, ఉధర్ కహాఁ! ఇధర్!" నేను నిలబడింది అవతలి జట్టు వరసలో. వాళ్లు నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, కావాలని చేసినట్టు.

జుమా డిగ్లీపూర్ పిల్ల. అక్కడ పొలం చేసుకునే బెంగాలీ వాళ్ల అమ్మాయి, నాకంటే ఆరేళ్లు చిన్న. ప్రాక్టీసు కోసం బస్సులో పగలంతా ప్రయాణం చేసి వస్తే చాలాసార్లు మా ఇంట్లోనే దిగేది. సగం ఆటలో విరామం ఇచ్చినప్పుడు పక్కకి తీసుకెళ్లి అడిగింది. "సర్ కో బోలూఁ?"

"చెప్పావంటే నీతో జన్మలో మాట్లాడను," అన్నాను హిందీలో. అది చాలలేదు నాకు. వాళ్లమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. ఆ పిల్ల నీళ్ల సీసా కింద పెట్టి, తల మీద చెయ్యి పెట్టుకుని, ఒట్టేసింది. జాతీయ జట్టు శిబిరానికి మా దీవుల నుంచి ఇద్దరి పేర్లు వెళ్లాయి, నాదీ జుమాదీ. నా వయసుకి ఇంకోసారి పిలుపు రాదు. ఒక్కసారి కబడ్డీ నన్ను బయట పెట్టింది, రెండోసారి బయట కూర్చోవడానికి నేను సిద్ధంగా లేను.

ఆ తర్వాత నుంచి బడిలో పిల్లల పేర్లు మర్చిపోయేదాన్ని. నా విజిల్‌కి నేనే ఉలిక్కిపడేదాన్ని. కూరలో ఉప్పెక్కువైందని అమ్మ మీద గిన్నె విసిరినంత పని చేసి, వెంటనే బావురుమని ఏడ్చాను. అమ్మ బిత్తరపోయి చూసింది. ఎందుకు ఏడుస్తున్నానో నాకు తెలుసు, చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు. ఉన్నారు, అందరూ ఉన్నారు. నేనే చెప్పలేదు.

మార్చి

శిబిరానికి ఇంకా పది రోజులుంది. ఆ రోజు పొద్దున్నే సంచి సర్దుకుంటుంటే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మొకం సూసుకున్నావా? పీక్కుపోనాది. తిన్నది ఇమడ్డం లేదు. ఇయ్యేల మానీయే."

"తప్పుకోమ్మా, బస్సు పోతుంది."

"ఇంటావా ఇనవా? కాలో సెయ్యో ఇరిగితే గాని నీకు బుద్ది రాదు. ఇరగనీ! అప్పుడు ఇంట్లో కూకుంతావు."

అమ్మ అలాంటి మాటలు రోజుకి పది అంటుంది. నాన్నని సముద్రం మింగాలని కూడా అంటుంది, ఆయన చుట్ట కాలిస్తే. నేను పట్టించుకోకుండా పక్కనుంచి దూరి వెళ్లిపోయాను.

మూడో దెబ్బ నాకు గుర్తు లేదు. చూసినవాళ్లు చెప్పిందే. పరిగెత్తుకొస్తున్న పిల్ల కాళ్లకి నేను వాలానట, మోకాలు తగిలిందట, కింద పడి చేతులు బిగుసుకుపోయాయట. కళ్లు తెరిస్తే ఆసుపత్రి ఫ్యాను తిరుగుతోంది. ఆ తిరగడం చూడలేక మళ్లీ మూసుకున్నాను. అమ్మ చేతి వాసన తెలిసింది, ఎండు చేపలు తిరగేస్తూ అలాగే వచ్చేసినట్టుంది.

డాక్టరు ఇక్కడికి కొత్తగా వచ్చిన మనిషి. హిందీలో నెమ్మదిగా అడిగాడు. "పహలీ బార్ హై?" ఇలా తగలడం ఇదే మొదటిసారా అని. మంచం కాళ్ల వైపు సర్ నిలబడి ఉన్నారు. ఆయన వెనక జుమా. జుమా నా వైపే చూస్తోంది.

"హాఁ. పహలీ బార్," అన్నాను.

జుమా తల దించుకుంది.

స్కానింగులో ఏమీ లేదు. మొదటిసారే కాబట్టి పూర్తిగా విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుందనీ, మెల్లగా పరీక్షించి మళ్లీ ఆటకి పంపవచ్చనీ డాక్టరు చెప్పాడు. "ముందు కూడా తగిలుంటే నేను చెప్పే మాట వేరేగా ఉండేది" అని కూడా అన్నాడు. ఆ వేరే మాట ఏమిటని నేను అడగలేదు.

కాసేపటికి వరండాలోంచి అమ్మ గొంతు వినిపించింది, నాన్నతో ఫోన్లో. "నా నోరేనయ్యా... నా నోరే దాన్ని కొట్టీసింది. ఇరగనీ అన్నాను. పొద్దున్నే, గుమ్మంలో నిలబడి అన్నాను." అని ఏడుస్తోంది. లేచి వెళ్లి "అమ్మా, నీ నోరు కాదే, నవంబర్నుంచీ ఉంది ఇది" అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ మాట అమ్మకి చెబితే అమ్మ సర్‌కి చెబుతుంది, సర్ డాక్టరుకి చెబుతారు, నా ఆట పోతుంది. కళ్లు మూసుకుని పడుకున్నాను. ఈ ఏడాది నేను చేసిన పనులన్నిటిలో సిగ్గుపడేది దానికే.

ఏప్రిల్

వెలుతురు చూడకూడదు, ఫోను ముట్టకూడదు, చదవకూడదు. నాన్న డోంగీ మీద కప్పే నీలం టార్పాలిన్ తెచ్చి కిటికీకి మేకులు కొట్టాడు. దాని డీజిలు వాసనకి నేను వాంతి చేసుకుంటే, గంటలో అది పీకేసి దుప్పటి కట్టాడు. కుక్కర్ విజిల్‌కి నేను చెవులు మూసుకోవడం చూసి అమ్మ వంటంతా పెరట్లో రేకుల కిందికి మార్చేసింది. అన్నం గిన్నెలో వార్చింది. పక్కింటివాళ్ల మిక్సీ కూడా ఆగింది, అమ్మ వెళ్లి ఏం చెప్పిందో తెలీదు. ఇల్లంతా గుసగుసలు. అందరూ నా కోసమే చేస్తున్నారు, నాకు మాత్రం ఇంట్లో శవం ఉన్నట్టు అనిపించేది, అది నేనే.

అరుపుల మధ్య పెరిగినదాన్ని నేను. ఆటలో కూత, గట్టు మీద జనం కేకలు, ఇంట్లో అమ్మ నోరు. ఆ నోరు కూడా మూతపడిపోయింది. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది, కోపంతో కాదు, భయంతో. ఏమంటే ఏమవుతుందోనని. "అన్నం" అనేది, "నీళ్లు" అనేది, పళ్లెం పెట్టేసి బయటికెళ్లిపోయేది. నన్ను తిట్టమ్మా, ఒక్కసారి తిట్టు అని అడగాలనిపించేది. తిట్లకి అంత మొహం వాచిపోతానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక్కసారి మాత్రం పాత అమ్మ బయటికొచ్చింది. దిష్టి తీస్తానని ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. ఘాటంతా నా గదిలోకే వచ్చింది. నేను దగ్గి దగ్గి, తల రెండు ముక్కలైపోతుందేమోనని గోడ పట్టుకున్నాను. "దిష్టంతా పోనాది సూడు, ఎలాగ కోరొచ్చిందో!" అంది అమ్మ గర్వంగా. తర్వాత నా మొహం చూసి పరిగెత్తుకెళ్లి పొయ్యిలో నీళ్లు పోసింది.

నాన్న పద్ధతి వేరు. చేప అమ్ముకుని వచ్చాక రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేసేవాడు, నాకు వాసన తగలకుండా. ఆ చీకటి గదిలో నా మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని వల బాగుచేసుకునేవాడు. ఆ పనికి ఆయనకి వెలుతురు అక్కర్లేదు, వేళ్లకి తెలుసు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. దారం లాగిన చిన్న చప్పుడు మాత్రం వినిపించేది. అదొక్కటే నా తలకి నొప్పి పెట్టని చప్పుడు.

శిబిరానికి ఓడెక్కే ముందు జుమా వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపల చీకటికి భయపడినట్టుంది. గొంతు తగ్గించి, "దీదీ, మైనే కిసీ కో నహీఁ బోలా" అంది. ఎవరికీ చెప్పలేదని. మెచ్చుకుంటానని ఎదురుచూసింది. నేను "మంచిది, వెళ్లిరా" అన్నాను. ఆ పిల్ల వెళ్లిపోయాక లెక్కలేనంతసేపు అటు గోడకి తిరిగి పడుకున్నాను. నా విషయం తెలిసిన ఒకే ఒక్క మనిషి ఓడెక్కి వెళ్లిపోయింది.

పదిహేను రోజులకోసారి ఆసుపత్రికి వెళ్లాలి. మొదటిసారి వెళ్లినప్పుడు నా కన్ను చుట్టూ నలుపు ఇంకా దిగలేదు. వరసగా బెంచీలు, వాటి మీద జనం, పైన ఒక ట్యూబులైటు ఆరి వెలుగుతూ ఉంది. అది చూడలేక చున్నీ మొహం మీదికి లాక్కుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, చాలాసేపు చూసి చూసి వంగి అడిగింది. "మర్ద్ నే మారా?" మొగుడు కొట్టాడా అని.

"నహీఁ. రగ్బీ."

"కౌన్ రగ్బీ? కిధర్ రహతా హై?" అంది ఆవిడ కోపంగా, అడ్రసు ఇస్తే ఇప్పుడే వెళ్లేలా.

అమ్మ అడ్డుపడింది. "ఖేల్ హై దీదీ, ఖేల్. అండా కా ఖేల్!"

నాకు నవ్వొచ్చింది, నవ్వితే తల పగిలిపోతోంది, అయినా నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చాయి. ఆవిడకి ఏం అర్థమైందో తెలీదు గాని, నేను లైటుకి బాధపడుతున్నానని మాత్రం తెలిసింది. సంచిలోంచి గొడుగు తీసి, ఆ హాల్లో, అంతమంది మధ్య, నా తల మీద విప్పి పట్టుకుంది. కాంపౌండరు వచ్చి లోపల గొడుగేమిటని అడిగితే, "తూ అప్నా కామ్ కర్" అంది, నీ పని నువ్వు చూసుకో అని. మా పిలుపు వచ్చేదాకా గంటకి పైగా అలాగే పట్టుకుని కూర్చుంది. ఆవిడ పేరు అడగలేదు నేను. అడిగుండాల్సింది.

జూన్

వానలొచ్చాక కాస్త తేలికపడ్డాను. మబ్బు పట్టిన ఆకాశం కింద కళ్లు తెరిచి నడవగలిగాను. మొదట పెరటి దాకా, తర్వాత రోడ్డు మలుపు దాకా. మీలో ఎవరికైనా ఇది వస్తే ఒక మాట చెబుతాను. బాగుపడటం మెట్లెక్కినట్టు ఉండదు. ఒకరోజు బజారు దాకా వెళ్లొస్తారు, మర్నాడు దువ్వెన పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. ఆ మర్నాటిని చూసి హడలిపోకండి. చుట్టూ ఉన్నవాళ్లు "బాగానే ఉన్నావుగా" అంటారు, కట్టు లేదు, పిండికట్టు వెయ్యలేదు, వాళ్లకేం కనిపిస్తుంది? వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. ఇది నేను చెబుతున్నాను గాని, నేను తెచ్చుకున్నాను.

శిబిరం నుంచి జుమా వెనక్కి వచ్చింది. సర్ కూడా వచ్చి బయట గదిలో కూర్చున్నారు. "సెప్టెంబర్లో రెండో శిబిరం ఉంది. నీ పేరు ఇంకా తియ్యలేదు. డాక్టరు రాసిన కాగితం ఒక్కటి తెచ్చుకో, చాలు." అన్నారు. మంచి మనిషి. నా కోసం ఎంతమందిని బతిమాలుకున్నారో తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి నేను బాగుపడటం మానేసి, బాగుపడినట్టు కనబడటం మొదలుపెట్టాను. కబడ్డీలో ఊపిరి అయిపోతున్నా అయిపోనట్టు నిలబడటం నేర్చుకుంటాం, అవతలివాళ్లకి తెలిస్తే మీద పడతారు కాబట్టి. ఆ విద్య డాక్టరు మీద చూపించాను. ఒంటికాలి మీద నిలబడమంటే, గోడ మీద ఒక మచ్చ చూసుకుని నిలబడ్డాను. మాటలు చెప్పి తిరిగి అప్పగించమంటే, వేళ్ల మీద పెట్టుకుని అప్పగించాను. తలనొప్పి ఉందా అంటే లేదు. నిద్ర? బ్రహ్మాండం. ఇంటికొచ్చి తడిగుడ్డ కట్టుకుని పడుకునేదాన్ని. అమ్మకి తెలిసేది, ఏమీ అనేది కాదు. అమ్మ అప్పటికే మంగళవారాలు ఒంటిపూట ఉంటోంది, నోటికి శిక్షగా. చేప వండుతుంది గాని ముట్టదు. వేటాడే ఇంట్లో పుట్టి వేటాడే ఇంట్లో మెట్టిన మనిషి, మూడు నెలలుగా చారన్నం తింటోంది.

"ఎందుకమ్మా ఇది?" అని అడిగాను ఒకసారి.

"నీకెందుకే. నువ్వు తిను," అంది.

నేను తిన్నాను. వంజరం ముక్క, పులుసుతో.

ఆగస్టు

ఆఖరి పరీక్ష రోజు అమ్మ కూడా లోపలికొచ్చింది. డాక్టరు పరీక్షలన్నీ మళ్లీ చేశాడు. నేను అన్నిటిలోనూ నెగ్గాను. ఆయన సంతోషించాడు, నిజంగానే. సొరుగులోంచి కాగితం తీసి నా పేరు, వయసు రాశాడు. ఆటకి అనుమతిస్తూ ఇచ్చే కాగితం అది. రాస్తూ రాస్తూ ఆగి, "ఇది రాసేటప్పుడు అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఇంతకుముందు ఎప్పుడూ ఇలా తగల్లేదు కదా?" అన్నాడు హిందీలో.

నేను నోరు తెరిచేలోపు అమ్మ కుర్చీలోంచి లేచింది. చేతులు జోడించింది.

"డాక్టర్ సాబ్, ఇస్‌కా గల్తీ నహీఁ. మేరా ముహ్ ఖరాబ్ హై." ఆ తర్వాత హిందీ చాల్లేదు అమ్మకి, తెలుగులోకి వచ్చేసింది. ఆయనకి తెలుగు రాదని కూడా మర్చిపోయింది. "నానే అన్నాను బాబూ, ఇరగనీ అని. నా నోటి పాపం అది. దాని ఆట తీసీకండి. అది ఆడకండా బతకలేదు. ఆడనియ్యండి, ఇంక నానొక్క మాట అంటే ఒట్టు."

పదేళ్లుగా నా బూట్లు దాచేసిన మనిషి, నా జెర్సీతో అంట్లు తుడిచిన మనిషి, ఎవరో కుర్ర డాక్టరు ముందు నిలబడి నా ఆట కోసం దండం పెడుతోంది. డాక్టరు ఏమీ అర్థంకాక నా వైపు చూశాడు, అమ్మ ఏమంటోందో చెప్పమన్నట్టు.

"తీన్ బార్," అన్నాను.

"క్యా?"

"మూడుసార్లు తగిలింది. మార్చిలోది మూడోది. నవంబర్లో ఒకటి, జనవరిలో ఒకటి. ఇప్పటికీ సాయంత్రమైతే తల నొప్పి పుడుతుంది. పరీక్షల్లో మోసం చేశాను."

ఆయన పెన్నుకి మూత పెట్టాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితం మడిచి పక్కన పెట్టేసి, ఇంకెప్పుడూ టాకిల్ చేసే, అంటే మనిషిని పట్టి పడేసే ఆట ఆడకూడదని చెప్పాడు, రగ్బీ గాని కబడ్డీ గాని. నడవొచ్చు, ఈదొచ్చు, ఇంకొంతకాలం పోయాక పిల్లలకి నేర్పొచ్చు. నాలుగో దెబ్బ తగిలితే ఏమవుతుందో కూడా చెప్పాడు. అది ఇక్కడ రాయను. "ఇది మొదటి రోజే చెప్పుంటే మీ వైద్యం వేరేగా చేసేవాణ్ని" అని ఒక్క మాట మాత్రం అన్నాడు.

ఇరవై ఏడేళ్లకి రెండు ఆటలూ అయిపోయాయి. ఆ గదిలో, ఆ కుర్చీలో. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. వాన పడుతోంది. అమ్మకి హిందీ సగమే అర్థమైంది, అందుకని మొత్తం తెలుగులో మళ్లీ చెప్పాను. నవంబరు, బస్టాపు వెనక వాంతి, జనవరి, జుమా చేత వేయించిన ఒట్టు, అన్నీ. "నీ నోరు కాదమ్మా. నువ్వనకముందే ఉంది ఇది. నీకు తెలిసి కూడా చెప్పలేదు నేను... కాదు, నాకు తెలిసి. నాకు తెలిసి కూడా నిన్ను ఏడవనిచ్చాను." మాటలు తడబడ్డాయి. ఇప్పుడు తిడుతుంది, ఐదు నెలల బాకీ అంతా ఒక్కసారి తిడుతుంది, జనం మూగినా సరే తిట్టనీ అని తల వంచుకుని కూర్చున్నాను.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మొదటిపాలి తగిల్నపుడు," అంది, "నీకాడ ఎవులున్నారే?"

ఎవరూ లేరని చెప్పాను.